లోహానికీ వార్ధక్యం

ఎండకూ వానకూ వదిలేసిన గడ్డపారకు తుప్పు పడుతుంది. రోజూ నీళ్లు తోడే బావి గిలక అరిగిపోతుంది. ఈ మార్పులు మన కంటికి కనిపిస్తాయి. కాబట్టి వస్తువు పాడవక ముందే జాగ్రత్త పడతాం. కాని పైకి నిగనిగలాడుతూ లోలోపల బలహీనపడే లోహాలు కూడా ఉన్నాయి. అణు రియాక్టరులో వాడే లోహాలు అటువంటివే. అవి ఎందుకు బలహీనపడతాయో తెలుసుకుందాం.

రియాక్టరులో యురేనియం పరమాణు కేంద్రకం చీలినప్పుడు వేడితోపాటు రెండు మూడు న్యూట్రానులు వెలువడతాయి. ఆ వేడితో నీటిని ఆవిరిగా మార్చి విద్యుత్తు ఉత్పత్తి చేస్తారు. న్యూట్రానులలో కొన్ని మరికొన్ని కేంద్రకాలను చీల్చి ఈ చర్యను కొనసాగిస్తాయి. అవి తమ దారిలో ఇంధనం ఉన్న గొట్టాలనూ, చుట్టూ ఉన్న లోహభాగాలనూ ఢీకొంటాయి.

లోహంలో పరమాణువులు బడిలో ప్రార్థనకు నిలుచున్న పిల్లల్లాగా వరుసలు తీరి ఉంటాయి. ఆ వరుసల్లోకి ఒకడు పరుగున దూసుకువచ్చాడనుకోండి. ఒక పిల్లవాడు తన చోటు నుంచి తూలి, మరి ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. అతడు నిలుచున్న చోటు ఖాళీ అవుతుంది. లోహంలోనూ ఇదే జరుగుతుంది. ఒక పరమాణువును దాని స్థానం నుంచి కదిలించడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. కేంద్రకం చీలినప్పుడు పుట్టే న్యూట్రానుకు సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అందువల్ల ఒక్క తాకిడికి వందలాది పరమాణువులు చెదురుతాయి. రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ కాలంలో వాటిలో చాలా భాగం మళ్లీ ఖాళీల్లో కుదురుకుంటాయి. మిగిలినవి అలాగే ఉండిపోతాయి. ఈ తాకిడి ఏళ్ల తరబడి ఆగకుండా సాగుతుంది.

దీని ఫలితాలు ముఖ్యంగా మూడు. మొదటిది, లోహం గట్టిపడి, సాగే గుణం కోల్పోయి పెళుసవుతుంది. రెండవది, బరువుకూ ఒత్తిడికీ లొంగి మెల్లమెల్లగా సాగి వంగుతుంది. మూడవది, కొన్ని ఉక్కులలో ఖాళీలన్నీ ఒకచోట చేరి సూక్ష్మమైన బుడగలవంటి గుంతలవుతాయి. దానితో లోహం ఉబ్బుతుంది.

భారజల రియాక్టర్లలో ఇంధనం జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలలో ఉంటుంది. వాటిగుండా దాదాపు 290 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల భారజలం ప్రవహిస్తుంది. దాని పీడనం వాతావరణ పీడనానికి 80 రెట్లకు మించి ఉంటుంది. ఒక్కొక్క గొట్టం చుట్టూ చల్లగా ఉండే మరో గొట్టం ఉంటుంది. రెండూ తగలకుండా మధ్యలో స్ప్రింగులు అమరుస్తారు.

1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్ కేంద్రంలో ఇలాంటి గొట్టం ఒకటి హఠాత్తుగా పగిలింది. స్ప్రింగులు చోటు తప్పడంతో గొట్టం వంగి బయటి గొట్టానికి తగిలింది. నీటి నుంచి లోహంలోకి చేరిన హైడ్రోజను ఆ చల్లని చోట పోగుపడి పెళుసు పొక్కులు కట్టింది. అక్కడే పగులు మొదలయింది. నిర్వాహకులు రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు.

ఈ సంఘటన మన దేశానికీ పాఠమయింది. తమిళనాడులోని కల్పాక్కంలో 220 మెగావాట్ల తరగతి రియాక్టర్లు రెండు ఉన్నాయి. వాటిలో మొదట ఇదే రకం మిశ్రలోహపు గొట్టాలను అమర్చారు. 2002లో రెండవ రియాక్టరునూ, 2003లో మొదటి రియాక్టరునూ ఆపి, ఒక్కొక్క దానిలోని 306 గొట్టాలనూ మార్చారు. జిర్కోనియంకు నియోబియం కలిపిన మెరుగైన మిశ్రలోహంతో కొత్తవి అమర్చారు. ఇటువంటి గొట్టాలను హైదరాబాదులోని అణు ఇంధన సంస్థ తయారుచేస్తుంది.

కంటికి కనిపించని ఈ మార్పును కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు కొన్ని మార్గాలు ఏర్పరచుకున్నారు. అతిధ్వని తరంగాలను పంపి గొట్టాల మందాన్నీ పగుళ్లనూ పరీక్షిస్తారు. ఒకటి రెండు గొట్టాలను బయటికి తీసి ప్రయోగశాలలో పరిశీలిస్తారు. ఉక్కు పాత్ర ఉండే రియాక్టర్లలో అదే ఉక్కు ముక్కలను ముందుగానే లోపల ఉంచుతారు. కొన్నేళ్లకొకసారి వాటిని తీసి, విరిచి చూసి, పాత్ర ఎంత పెళుసయిందో అంచనా వేస్తారు.

ఎంత గట్టి లోహానికైనా ఆయుష్షు ఉంటుంది. ఆ ఆయుష్షును లెక్క కట్టి, గడువు తీరకముందే మార్చినప్పుడే రియాక్టరుకూ, దాని చుట్టుపక్కల నివసించే ప్రజలకూ క్షేమం.