పుకారు పరుగు ముందు ఓడిన ఉక్కునగరం

జంషెడ్‌పూర్: విపత్కాలంలో ప్రజలకు అన్నపానీయాల తరవాత అత్యవసరమైనది నమ్మదగిన సమాచారం. అది అందనప్పుడు ఆ ఖాళీని వదంతి ఆక్రమిస్తుంది. చేతిలోని సెల్‌ఫోన్ ఆ వదంతికి రెక్కలు తొడిగితే పర్యవసానం ఎంత ఘోరంగా ఉంటుందో దేశానికి తెలియజెప్పింది జార్ఖండ్‌లోని ఈ ఉక్కునగరం.

2017 మే నెలలో సింగ్‌భూమ్ ప్రాంతంలోని పల్లెల్లో వాట్సప్ ద్వారా ఒక సందేశం విస్తృతంగా ప్రచారమైంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా సంచరిస్తోందని, వారి వద్ద మత్తుమందులు, సూదులు, దూది ఉంటాయని, హిందీ, బెంగాలీ, మలయాళం మాట్లాడతారని దాని సారాంశం. పిల్లలు అపహరణకు గురైన దాఖలాలు లేవని పోలీసులు చెప్పినా, ఆ మాట జనం చెవికెక్కేలోగానే పల్లెలు రాత్రిళ్లు కర్రలు, విల్లంబులు పట్టుకుని కాపలా కాయసాగాయి.

మే 18న ఆ భయం హత్యాకాండగా పరిణమించింది. సరాయికేలా ఖర్సావా జిల్లా రాజ్‌నగర్ పరిధిలోని శోభాపూర్ వద్ద నలుగురు పశువుల వర్తకులను మూక కొట్టి చంపింది. అదే రోజు సాయంత్రం జంషెడ్‌పూర్ పొలిమేరల్లోని బాగ్‌బేడా పోలీసుస్టేషన్ పరిధిలో ఉన్న నాగాడీ గ్రామంలో ముగ్గురు యువకులు బలయ్యారు. వారిలో ఇద్దరు అన్నదమ్ములు. మనవలను విడిచిపెట్టమని వేడుకుంటూ అడ్డుపడిన వృద్ధురాలిని సైతం మూక వదలలేదు. ఆమె కొద్ది వారాలకు ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండుచోట్లా పోలీసులు అక్కడే ఉన్నా జనసమూహం ముందు నిస్సహాయులయ్యారు. హతులైన అన్నదమ్ములు ఎక్కడో దూరదేశం నుంచి వచ్చినవారు కారు. ఆ ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని జుగ్‌సలాయి వాసులు. హత్యలకు నిరసనగా తలెత్తిన ఉద్రిక్తత నగరంలోని మాంగో తదితర ప్రాంతాల్లో కర్ఫ్యూకు దారితీసింది.

అపరిచితుడే అపరాధి

పుకార్లు కొత్తవి కావు. 1979 ఏప్రిల్‌లో ఇదే నగరాన్ని రక్తసిక్తం చేసిన మతకలహాల నాడూ అవి వీథివీథినా వ్యాపించాయి. అయితే నాడు వదంతి కాలినడకన సాగింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై ఇంటర్నెట్ ధరలు పడిపోయిన తరవాత మారుమూల పల్లెకు సైతం అది క్షణాల్లో చేరుతోంది. పైగా సందేశం తెలిసినవారి నుంచి, బంధువుల నుంచి వస్తుంది కనుక దానికి నమ్మకం తోడవుతుంది. మొదట రాసినదెవరో ఎవరికీ తెలియదు. పంపినవాడు మాత్రం మనవాడే.

జంషెడ్‌పూర్ విషాదం ఏడాది తిరిగేసరికి తెలుగునేలకు పాకింది. 2018 మేలో ఉత్తరాది నుంచి ముఠాలు దిగాయన్న ప్రచారంతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాడులు జరిగాయి. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రా మూక చేతిలో మరణించింది. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి వద్ద, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ యువకుడొకరు ప్రాణాలు కోల్పోయాడు. జార్ఖండ్ సందేశంలో మలయాళం మాట్లాడేవాడు దొంగ. తెలుగునాట హిందీ మాట్లాడేవాడు దొంగ. ఆ రోజుల్లో ప్రచారమైన ఒక వీడియో వాస్తవానికి పాకిస్థాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన చిత్రం. చివరన ఉన్న సందేశాన్ని కత్తిరించి దాన్ని నిజమైన అపహరణగా చలామణీ చేశారు.

ఇందులో ఆర్థిక కోణం విస్మరింపరానిది. ఊరూరా తిరిగి పశువులు కొనేవారు, బట్టల మూటలు మోసేవారు, భిక్షుకులు, వలస కూలీలు - వీరి బతుకుతెరువే అపరిచితులుగా తిరగడం. అపరిచితుడిని చూసి ఊరు కర్ర ఎత్తితే ముందు కూలేది వారి జీవనాధారమే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలతో సహా నానా ప్రాంతాల శ్రమజీవులు కలిసి నిర్మించుకున్న జంషెడ్‌పూర్‌లోనే పరాయివాడన్న అనుమానం ప్రాణాలు తీయడం విధి వైపరీత్యం.

చట్టం నెమ్మది, వదంతి వేగం

సుప్రీంకోర్టు 2018 జులై 17న మూకహత్యల నివారణకు విస్పష్టమైన ఆదేశాలిచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారిని బాధ్యుడిగా నియమించాలని, కేసుల విచారణను ఆరు నెలల్లో ముగించాలని నిర్దేశించింది. జార్ఖండ్ శాసనసభ 2021 డిసెంబరులో ప్రత్యేక బిల్లును ఆమోదించగా, గవర్నరు 2022లో దాన్ని తిప్పిపంపారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత అయిదుగురు లేదా అంతకు మించినవారు కలిసి కులం, భాష, పుట్టిన ప్రాంతం వంటి కారణాలతో చేసే హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం విధించింది. కానీ వదంతి మూలంగా జరిగే హత్యను అందులో విడిగా పేర్కొనలేదు. వాట్సప్ సంస్థ 2018 జులైలో భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి విధించింది. అది పుకారు వేగాన్ని తగ్గించగలదే తప్ప నిర్మూలించలేదు.

యంత్రాంగానికి తోచే సులువైన మార్గం ఇంటర్నెట్ నిలిపివేత. 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని కదమా ప్రాంతంలో ఉద్రిక్తత తలెత్తినప్పుడూ అదే జరిగింది. దానివల్ల పుకారు ఆగవచ్చు. కాని దాన్ని ఖండించే అధికారిక ప్రకటన సైతం ఆగిపోతుంది. చీకట్లో ఉన్న జనం మళ్లీ నోటిమాటనే నమ్ముకుంటారు.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని చూపింది జోగులాంబ గద్వాల జిల్లా. 2018లో అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి సుమారు 400 గ్రామాల్లో పోలీసులను ఇంటింటికీ పంపారు. గ్రామాల వాట్సప్ బృందాల్లో పోలీసులు చేరారు. వదంతులను నమ్మవద్దని పాటలతో, డప్పులతో ప్రచారం సాగించారు. పొరుగు ప్రాంతాల్లో మూకలు చెలరేగుతున్నా ఆ జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. అక్కడ పని చేసింది యంత్రం కాదు, జనానికి పేరుతో తెలిసిన పోలీసు.

వరదలోనైనా, అంటువ్యాధిలోనైనా, అల్లరిమూకల నడుమనైనా సూత్రం ఒక్కటే. అధికార సమాచారం వదంతి కన్నా ముందు చేరాలి. చెప్పేవారు ప్రజలకు ముందే పరిచితులై ఉండాలి. ఆపద వచ్చాక బావి తవ్వితే దాహం తీరదు. పౌరుడి బాధ్యతా తక్కువ కాదు. సందేశం మరొకరికి పంపేముందు ఒక్క నిమిషం ఆగి, దగ్గరి పోలీసుస్టేషన్‌లో విచారిస్తే పోయేదేమీ లేదు. ఆ నిమిషం 2017 మే 18న దొరకలేదు. నాగాడీలో మనవల కోసం చేతులు జోడించిన వృద్ధురాలి మొర మూక చెవికి చేరలేదు. ఆ మొర ఇప్పటికైనా పాలకుల చెవిన పడాలి.