ఆపరేషన్ అయిన చేతికి మెల్లమెల్లగా వ్యాయామం

రొమ్ము ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన ఇల్లాలికి అందరూ చెప్పే మాట ఒకటే: "ఆ చెయ్యి కదపకు, కుట్లు ఊడిపోతాయి!" ప్రేమతో చెప్పే మాటే. కానీ భయంతో చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చుంటే కొన్ని వారాలకే భుజం బిగుసుకుపోతుంది. జడ వేసుకోవాలన్నా, దండెం మీద బట్టలు ఆరెయ్యాలన్నా మరొకరి సాయం కావలసివస్తుంది.

ఇంకో సంగతి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరమైతే, సాధారణంగా చెయ్యి తలపైకి ఎత్తి కాసేపు కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే ఆ చికిత్సే కష్టమవుతుంది. కాబట్టి వ్యాయామం కూడా చికిత్సలో భాగమే.

బ్రిటన్‌లో రొమ్ము ఆపరేషన్ అయిన 392 మంది మీద జరిపిన పరిశీలన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలను ఆపరేషన్ అయిన వారం పది రోజుల నుంచి క్రమంగా చేసినవారికి ఏడాది తర్వాత చెయ్యి బాగా వాడకంలోకి వచ్చింది, నొప్పీ తగ్గింది.

అయితే అందరి ఆపరేషన్ ఒకటి కాదు. ముఖ్యంగా రొమ్మును తిరిగి అమర్చే ఆపరేషన్ కూడా జరిగి ఉంటే, మీ డాక్టరు సరేనన్న తర్వాతే మొదలుపెట్టండి.

మొదటి రోజుల్లో

డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్ళూ చేతిని భుజం ఎత్తు దాటనివ్వకండి. ఇవి చాలు:

* కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు భుజాలూ చెవుల వైపు ఎత్తి దించండి. తర్వాత మెల్లగా గుండ్రంగా తిప్పండి.
* మెత్తటి బంతి గానీ, చుట్టిన చేతిరుమాలు గానీ గుప్పిట్లో నొక్కి వదలండి.
* మోచేతిని మడవండి, చాపండి.
* ముక్కుతో నిండుగా గాలి పీల్చి, నెమ్మదిగా వదలండి.

ఒక్కొక్కటి అయిదుసార్లు, రోజుకు మూడు పూటలా చెయ్యండి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు చేస్తే హాయిగా ఉంటుంది.

గొట్టం తీసిన తర్వాత

డాక్టరు అనుమతించాక చెయ్యి పైకెత్తడం మొదలుపెట్టవచ్చు.

* వెల్లకిలా పడుకుని రెండు చేతులూ కలిపి పట్టుకోండి. బాగున్న చేతి సాయంతో రెండో చేతిని తలవైపు తీసుకెళ్ళండి. కాసేపు ఉంచి దించండి.
* గోడకు ఎదురుగా దగ్గరగా నిలబడి, అరచేతులు భుజాల ఎత్తులో గోడకు ఆనించండి. వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించండి. అందినంత మేర పది అంకెలు లెక్కపెట్టి, అలాగే కిందికి దించండి. పిల్లల ఎత్తు కొలిచినట్టు గోడ మీద పెన్సిలుతో గీత పెట్టుకోండి. వారం తర్వాత చూసుకుంటే మీకే ధైర్యం వస్తుంది.

కాస్త లాగినట్టు ఉండటం మామూలే. సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం అక్కడితో ఆపండి. చంక నుంచి చేతిలోకి చర్మం కింద తీగ బిగిసినట్టు అనిపిస్తే భయపడకండి. చాలామందికి అలా అవుతుంది. ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే దానికి తగిన వ్యాయామం చెబుతారు.

రేడియేషన్ జరిగేటప్పుడూ, అయిపోయాక కొన్ని నెలల వరకూ వ్యాయామం మానకండి. బిగువు ఆలస్యంగా కూడా రావచ్చు.

ఇంటి పనుల మాట

కూరలు తరుక్కోవడం, బట్టలు మడతపెట్టడం వంటి తేలిక పనులు మీ ఓపికను బట్టి చేసుకోండి. నిండు బిందె, గ్యాస్ సిలిండరు, తడిబట్టల బకెట్టు మాత్రం డాక్టరు చెప్పేదాకా ముట్టుకోవద్దు. అలాగని జన్మంతా బరువెత్తకూడదని కాదు. గాయం మానాక కొద్దికొద్దిగా బలం పెంచుకోవచ్చు.

చంకలో గ్రంథులు తీసి ఉంటే చేతికి వాపు రావచ్చు. కత్తిపీట తెగినా, నూనె చిందినా వెంటనే కడిగి మందు రాయండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

గాయం ఎర్రబడటం, చీము, జ్వరం, గాయం దగ్గర నీరు చేరి ఉబ్బడం, గాజులు బిగుసుకునేలా చెయ్యి వాయడం: వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి డాక్టరును కలవండి.

ఇంట్లో అందరి పనుల మధ్యా మీ పదేసి నిమిషాలు మూడు పూటలా మీవే. "అమ్మ వ్యాయామం చేసే వేళ" అని ఇంట్లోవాళ్ళకు చెప్పెయ్యండి. ఆ కాసేపు పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడతారు లెండి!