ఘాటెక్కే ముందు: అరకు బైకు యాత్రపై అపోహలు, వాస్తవాలు

కార్తీకం వచ్చిందంటే విశాఖ నుంచి అరకు వైపు బైకుల వరస మొదలవుతుంది. హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లు రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి విశాఖలో దిగి, అద్దె బండి తీసుకుని శృంగవరపుకోట దారి పడతారు. చేతిలో ఉండేది శని, ఆదివారాలు. ఏం చూడాలో, ఏం తినాలో వీడియోలు చూసి ముందే రాసుకుంటారు. ఆ వీడియోలు ఊళ్ల పేర్లు సరిగానే చెబుతాయి, వేళల ఊసే ఎత్తవు. ఘాట్ దారి ఎంతసేపు పడుతుంది, లోయలో మబ్బు ఎన్నింటికి చెదిరిపోతుంది, బొంగులో కోడి ఉడకడానికి ఎంతసేపు కావాలి, చీకటి పడేసరికి ఎక్కడుండాలి? రెండు రోజుల యాత్ర బాగుండాలంటే ముందు తెలియాల్సినవి ఇవే. మనవాళ్లలో బాగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు ఇక్కడే దెబ్బ తీస్తున్నాయి.

అపోహ: రెండు రోజుల్లో బొర్రా, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ చుట్టేయొచ్చు.

మ్యాప్ చూస్తే నిజమే అనిపిస్తుంది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. హైవే అలవాటున్నవాళ్లు రెండు గంటలు చాలనుకుంటారు. శృంగవరపుకోట దాకా ఆ లెక్క కొంత పనిచేస్తుంది. అది దాటి కొండ మొదలయ్యాక టైడ, అనంతగిరి, గాలికొండ మీదుగా మలుపు మీద మలుపు. గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు సాగితే బాగా వెళ్లినట్టే. ఎక్కడా ఆగకపోయినా మూడు, మూడున్నర గంటలు పడుతుంది. గాలికొండ దగ్గర ఆగకుండా వెళ్లేవాళ్లెవరు? బొర్రా గుహలకైతే ప్రధాన రోడ్డు వదిలి పక్కకు దిగి, మళ్లీ ఎక్కి రావాలి. గుహలు ఉదయం పది ప్రాంతంలో తెరిచి సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు.

అరకు నుంచి పాడేరు మరో 45 కిలోమీటర్లు. లంబసింగి ఇంకా అవతల. అరకు నుంచి లెక్కేస్తే 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అదీ కొండదారి. నాలుగూ చూడాలనుకునేవాళ్లు నిజానికి చూసేది రోడ్డునే. పైగా చీకట్లో, పొగమంచులో బండి నడపాల్సి వస్తుంది. ఘాట్ ప్రమాదాలకు ఇంతకంటే అనువైన వేళ లేదు.

రెండు రోజులకు కుదిరే పద్ధతి ఒకటుంది. మొదటి రోజు పొద్దున్నే బయల్దేరి దారిలో బొర్రా చూసుకుని, మధ్యాహ్నానికి అరకు చేరాలి. తెల్లవారుజామున మేఘాల సముద్రం కనిపించే వంజంగి కొండ మీద మనసుంటే ఆ రాత్రి అరకులో పడుకోకూడదు. సాయంత్రం వెలుగుండగానే చాపరాయి మీదుగా పాడేరు చేరి అక్కడే బస చేయాలి. వంజంగి అక్కడికి కూతవేటు దూరం. అరకులో గది తీసుకుని, తెల్లవారుజామున మూడింటికి లేచి పొగమంచులో పాడేరు దాకా బండి తోలే పని ఎంతో మంది చేస్తున్నారు. దయచేసి మీరు చేయకండి. రెండో రోజు పాడేరు ఘాట్ మీదుగా మాడుగుల, చోడవరం దారిన విశాఖ చేరొచ్చు. వెళ్లిన దారే మళ్లీ తొక్కక్కర్లేదు, పైగా గోధుమపాలతో నేతిలో కాచే మాడుగుల హల్వా అది పుట్టిన ఊళ్లోనే దొరుకుతుంది. లంబసింగిని ఇంకో వారానికి, నర్సీపట్నం వైపు నుంచి పెట్టుకోండి.

అపోహ: కొండ ఎక్కాలంటే 350 సీసీ బండి ఉండాల్సిందే.

ఏజెన్సీ ఊళ్లలో తిరిగే టీచర్లు, ఆశా కార్యకర్తలు, సంతకు సరుకు మోసే వ్యాపారుల బళ్లు చూడండి. ఎక్కువ భాగం 100, 125 సీసీవే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గేమాట నిజమే. వెయ్యి మీటర్ల ఎత్తులో తగ్గేది సుమారు పదో వంతు. అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. దానికోసం పెద్ద బండి అక్కర్లేదు, ఒక గేరు తగ్గిస్తే సరిపోతుంది. బరువైన బండి అలవాటు లేనివాళ్లు హెయిర్‌పిన్ మలుపులో దాన్ని తిప్పలేక కాలు కింద పెట్టి పడిపోతుంటారు. అద్దెకు తీసుకునేటప్పుడు సీసీల కంటే ముందు టైరు గాడి, బ్రేకులు, హెడ్‌లైటు చూసుకోవాలి. వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ అడగాలి. చట్టప్రకారం ఇద్దరికీ తప్పనిసరి.

అపోహ: దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుంది.

ఈ ఒక్క నమ్మకం పోతే చాలు, మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు. న్యూట్రల్‌లో ఉన్న బండికి ఇంజిన్ పట్టు ఉండదు. బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కిలోమీటర్ల తరబడి బ్రేకు నొక్కి పట్టుకుని దిగితే ప్యాడ్లు, డ్రమ్ములు కాలిపోయేంత వేడెక్కుతాయి. డిస్క్ బ్రేకయితే లోపలి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు లివరు మెత్తగా లోపలికి పోతుంది కానీ బండి ఆగదు. టైడ దిగువన వరసగా వచ్చే మలుపుల్లో ఇలా జరిగితే చేయగలిగేది చాలా తక్కువ.

పెట్రోలు లెక్క కూడా తప్పే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక అమ్ముతున్న బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి, చాలా బళ్లలో ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగేవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుని ఎక్కువ పెట్రోలు కాలుస్తున్నారు.

ఎక్కిన గేరులోనే దిగాలని ఘాట్ డ్రైవర్లు చెప్పే పాత సూత్రం బైకుకూ వర్తిస్తుంది. రెండో గేరులో దిగుతూ, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి కాసేపు నొక్కి వదలాలి. గేర్లు లేని స్కూటర్‌కు ఈ ఇంజిన్ పట్టు బాగా తక్కువ. అది తీసుకున్నవాళ్లు మధ్యలో ఆగి బ్రేకులు చల్లారనివ్వాలి. ఇద్దరు ఎక్కిన స్కూటర్‌తో పాడేరు ఘాట్ దిగమని మాత్రం నేను చెప్పను. ఇంకో నియమం చాలామందికి తెలియదు. ఇరుకైన కొండదారిలో ఎదురెదురు పడితే ఎక్కే బండికే దారివ్వాలి, దిగేవాళ్లే ఆగాలి. ఆర్టీసీ బస్సు మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. హారను విని ఎడమ అంచున ఆగితే పోయేది అర నిమిషం.

అపోహ: అక్కడ ఎప్పుడూ చలే, లంబసింగిలో మంచు కురుస్తుంది.

వెయ్యి మీటర్లు పైకెళితే ఉష్ణోగ్రత సగటున ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో విశాఖ ఉడికిపోతుంటే అరకు మధ్యాహ్నం కూడా ఎండగానే ఉంటుంది. అసలు చలి డిసెంబరు, జనవరి రాత్రుల్లో. లంబసింగి, చింతపల్లి ప్రాంతంలో గడ్డకట్టే స్థాయికి దగ్గరగా పడిపోయిన రోజులున్నాయి. అలాంటి తెల్లవారుజామున గడ్డి మీద, బండి సీటు మీద తెల్లగా పేరుకునేది నేలమీదే గడ్డకట్టిన తేమ. ఆకాశం నుంచి కురిసిన హిమం కాదు. హిమపాతం చూస్తామని పిల్లలకు ఆశపెట్టి తీసుకెళ్లకండి. నడుస్తున్న బండి మీద గాలికి చలి ఇంకా బాగా కొరుకుతుంది కాబట్టి చేతి తొడుగులు, గాలి దూరని జాకెట్ ఉండాల్సిందే.

వంజంగి మేఘాల సముద్రం కూడా రోజూ దొరికేది కాదు. తేమ ఉండి, గాలి లేని నిర్మలమైన రాత్రి కొండల చల్లగాలి లోయలోకి దిగి పేరుకుంటే అక్కడ పొగమంచు కడుతుంది. మనం దానికి పైన నిలబడతాం. సూర్యుడు పైకొచ్చి నేల వేడెక్కగానే అది విడిపోతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అవకాశం ఎక్కువ. ఎనిమిదిన్నరకు తీరిగ్గా ఎక్కేవాళ్లకు కనిపించేది మామూలు కొండలే.

అపోహ: బొంగు చికెన్ అడగ్గానే వేడివేడిగా ఇస్తారు, నూనె ఉండదు కాబట్టి ఎక్కడ తిన్నా ఒకటే.

మంచి బొంగు చికెన్‌కు తొందర పనికిరాదు. మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ముప్పావు గంట దాకా కాలుస్తారు. నీళ్లు, నూనె పోయకపోయినా కోడి ఉడకడానికి కారణం పచ్చి బొంగులోని తేమ. అది ఆవిరై లోపలే తిరుగుతుంది, బొంగు వెంటనే అంటుకోకుండా కాపాడేదీ అదే. ఎండిన బొంగయితే మండిపోతుంది. ఒకసారి కాలిన బొంగు రెండోసారి పనికిరాదు.

రద్దీ రోజుల్లో రోడ్డు పక్కన కొన్ని బళ్ల దగ్గర జరిగేది వేరు. ముందే కాల్చి పెట్టినవి వరసగా నిలబెట్టి, అడిగినప్పుడు పైపైన సెగ చూపి ఇస్తారు. లేదా జనం నిలబడి ఉన్నారని సగం కాలగానే పళ్లెంలో వంపుతారు. ఎముక దగ్గర ఎరుపు కనిపిస్తే మొహమాటపడకుండా మళ్లీ కాల్చమనండి. ఇంకా మంచి పని, “అమ్మా, మా కళ్లముందే కూరి కాల్చండి, గంటాగి వస్తాం” అని చెప్పి, ఆ గంటలో గిరిజన మ్యూజియం గానీ పద్మాపురం తోట గానీ చూసి రావడం. వాళ్లూ సంతోషంగా చేస్తారు, రుచీ తేడా తెలుస్తుంది.

అయితే కొండ మీద భోజనమంటే ఇదొక్కటే అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇక్కడి ఇళ్లలో రోజూ ఉండేవి చోడి అంబలి, సామలు, దుంపలు, చిక్కుళ్లు. ఏజెన్సీలో పండే రాజ్మా, మిరియాలు, పసుపు సంతలో రైతు చేతి నుంచే కొనొచ్చు. నేనైతే బ్యాగులో చోటు వాటికే ముందు ఇస్తాను.

అపోహ: జీలుగు కల్లు ఆరోగ్యానికి మంచిది, తాగి బండి నడిపినా ఏం కాదు.

చెట్టు నుంచి దించినప్పుడు తియ్యగా ఉన్నది పొద్దెక్కేకొద్దీ పులిసి మత్తు పెరుగుతుంది. బండి నడిపేవాళ్లకు చట్టం చెప్పే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. కల్లుకు మినహాయింపు లేదు. ఘాట్ దిగే రోజు ముట్టుకోకండి.

అపోహ: అరకులో కొన్నదల్లా అరకు కాఫీయే.

‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే పంట ఇది. అరకు పేరుతో దుకాణం 2017లో పారిస్‌లో కూడా తెరుచుకుంది. కానీ రోడ్డు పక్క కప్పులో వచ్చేది చాలాచోట్ల చికోరీ కలిసిన పొడి. చికోరీ కలిపితే ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి, 49 శాతం దాటకూడదు అని నిబంధన ఉంది. ఆ అక్షరాలు చదివి కొనండి, లేదా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పళ్లు కోసే కాలం. తోటల్లో ఎర్రగా కనిపించే పండు ఫొటో కోసం కోయకండి, అది రైతు కూలి.

గైడ్లు చెప్పే రెండు మాటలు కూడా సరిచేయాలి. శిమిలిగుడ ఇప్పుడు దేశంలో అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ కాదు. దాని ఎత్తు 996 మీటర్లు. కాశ్మీర్ లోయలో రైళ్లు మొదలయ్యాక ఆ రికార్డు అటు పోయింది. ఇక బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వే సంస్థ అధికారి విలియం కింగ్ కనిపెట్టాడంటారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో.

అపోహ: అడవే కదా, ఎక్కడ టెంటు వేసినా అడిగేవాళ్లుండరు.

ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. ఖాళీగా కనిపించే ప్రతి చెక్కా ఎవరో ఒకరి పోడు, మేత, లేదా అటవీ శాఖ హద్దు. అడిగి, డబ్బిచ్చి ఉండే చోట్లున్నాయి. టైడ, అనంతగిరి, అరకులో పర్యాటక సంస్థ హరిత రిసార్టులున్నాయి. డిసెంబరు వారాంతాలకు వాటిని చాలా ముందే బుక్ చేసుకోవాలి. పాడేరు, వంజంగి వైపు స్థానికులు నడిపే టెంట్లు దొరుకుతాయి. ఆ డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది కాబట్టి నా ఓటు వాటికే.

పసుపుపచ్చగా పూసే వలిసె చేల సంగతీ ఇంతే. అవి నూనెగింజల పంట. ఫొటోల కోసం మధ్యలోకి దిగితే తొక్కిన మేరకు గింజ పోతుంది. గట్టు మీద నిలబడి తీసుకున్నా పూలు బాగానే పడతాయి. లోపలికి వెళ్లాలనుకుంటే రైతు అడిగిన రుసుము బేరమాడకుండా ఇచ్చి, ఆయన చూపిన కాలిబాటలోనే నడవండి.