నోటి మూలలు పగిలితే బి-కాంప్లెక్స్ ఒక్కటే మందా?

ఆవలించాలంటే భయం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే నొప్పి. ఆవకాయ కారం తగిలిందా, ప్రాణం పోయినంత పనవుతుంది. పై పెదవీ కింది పెదవీ కలిసేచోట చర్మం ఎర్రబడి, నాని, చీరుకుపోయి, పెచ్చు కట్టే ఈ బాధ చాలా ఇళ్లలో కనిపించేదే. "ఒంట్లో వేడి చేసింది" అంటారు పెద్దవాళ్లు. సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ ఇస్తారు. వీధి చివరి మందుల షాపతనేమో బి-కాంప్లెక్స్ మాత్రల అట్ట ఒకటి చేతిలో పెడతాడు.

వారం పది రోజుల్లో తగ్గిపోతే సరే. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం నెపం వేడి మీదకు నెట్టి ఊరుకోకండి. పుండు చిన్నదే కానీ, అది ఎవరికి వచ్చిందన్నదాన్ని బట్టి కారణం మారిపోతుంది.

అసలు అక్కడే ఎందుకు పగులుతుందంటే, నోటి మూల ఒక సన్నని మడత. అందులో ఉమ్మి నిలిస్తే చర్మం నానుతుంది. ఆరితే బిగుసుకుంటుంది. నోరు తెరిచినప్పుడల్లా చీలుతుంది. ఆ చీలికలోకి కాండిడా అనే బూజు జాతి క్రిమి గానీ, స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా గానీ చేరతాయి. కొన్నిసార్లు రెండూ చేరతాయి. ఇవి ఎక్కడి నుంచో ఊడిపడినవి కావు, మన నోట్లో, ముక్కులో మామూలుగా ఉండేవే. మండుతోందని నాలుకతో తడుపుకుంటే హాయిగానే ఉంటుంది. పుండు మాత్రం పెరుగుతుంది. చొంగ కార్చే పిల్లల్లో, వేలు చీకే పిల్లల్లో, పెదవులు నాకే పిల్లల్లో ఇదే జరుగుతుంది. వాళ్లను కసిరి లాభం లేదు. పడుకోబెట్టే ముందు మూతి తుడిచి, మూలల్లో కాస్త వాజిలైన్ గానీ నెయ్యి గానీ రాయండి.

ఇక ఇంట్లో కట్టుడు పళ్లు పెట్టుకునే తాతగారు ఉన్నారనుకోండి. పళ్ల సెట్టు ఏళ్ల తరబడి అరిగిపోతే దవడల మధ్య ఎత్తు తగ్గి, నోటి మూలలు కిందికి జారి మడత లోతవుతుంది. రాత్రిళ్లు కూడా సెట్టు తీయకుండా పడుకుంటే దాని కింద బూజు పెరుగుతుంది. ఆయనకు ఎన్ని బి-కాంప్లెక్సు మాత్రలు మింగించినా ఏం ప్రయోజనం? రాత్రి సెట్టు తీసి, బ్రష్షుతో తోమి, నీళ్లలో వేసి ఉంచాలి. వదులైన సెట్టును పళ్ల డాక్టరు చేత సరిచేయించాలి. పెద్ద వయసులో మాటిమాటికీ ఇలా అవుతుంటే రక్తంలో చక్కెర పరీక్ష తప్పనిసరి. మధుమేహం ఉన్నట్టు తెలియనివారికి మొదటి హెచ్చరిక ఇలా నోటి దగ్గర కనిపించవచ్చు. ఉబ్బసానికి స్టెరాయిడ్ మందు పీల్చేవారు, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇంటి ఇల్లాలి గురించి. అందరూ తిన్నాక మిగిలింది తినడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోతున్నా పైకి చెప్పకపోవడం, మెట్లెక్కితే ఆయాసం వస్తే "వయసు మీద పడుతోంది" అని సర్దుకోవడం ఆమెకు అలవాటు. అలాంటి ఆమెకు నోటి మూలలు పగులుతున్నాయంటే, నాలుక నున్నబడి మండుతోందంటే, ఐరన్ లోపం ఉందేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కనుక హెమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. గర్భిణికైతే ఆ హద్దు 11.

ఐరన్ మాత్ర కాఫీతో, టీతో, పాలతో వేసుకుంటే సగం వృథా. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. హెమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా సుమారు మూడు నెలలు వాడాలి. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఆకుకూరలు, పప్పులు, తినేవారైతే మాంసం, కార్జం మంచివి. అన్నట్టు, మగవారిలోనూ, ముట్లుడిగిన స్త్రీలలోనూ ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. మొలలో, కడుపులో పుండో, మరేదైనానో డాక్టరు తేలుస్తారు.

అయితే బి-కాంప్లెక్స్ దండగా? కాదు. రైబోఫ్లేవిన్ అనే బి2 లోపిస్తే నోటి మూలలు పగలడం నిజమే. పాలు, పెరుగు, గుడ్లు, ఆకుకూరల్లో అది దొరుకుతుంది. బియ్యాన్ని నాలుగు నీళ్లు పోసి కడిగి, ఆపైన గంజి కూడా వార్చి పారబోస్తే బి విటమిన్లు చాలావరకు దాంతోనే పోతాయి. పాలను గాజు సీసాలో పోసి ఎండలో ఉంచినా బి2 పాడవుతుంది. ఈ మాత్రలు వేసుకుంటే మూత్రం పసుపుపచ్చగా రావడం మామూలే. పూర్తి శాకాహారులకు, మధుమేహానికి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 తగ్గే అవకాశం ఉంది. అదీ పరీక్షించాలి.

పుండుకు పైపూత సంగతి చూద్దాం. మామూలు నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, క్లోట్రిమజోల్ ఒక శాతం క్రీము పలచగా రోజుకు రెండుసార్లు, రెండు వారాలు రాయండి. తగ్గిందని నాలుగోరోజునే ఆపకండి. తేనె రంగు పెచ్చులు కట్టినా, చీము పట్టినా అది బాక్టీరియా పని కావచ్చు. దానికి వేరే ఆయింట్‌మెంటు డాక్టరు రాసిస్తారు. మంట త్వరగా తగ్గుతుందని బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ కలిసిన క్రీములు మీ అంతట మీరు తెచ్చి మూతి చుట్టూ పూయవద్దు. చర్మం పలచబడుతుంది, మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు లేస్తాయి, ఆపితే ఇంకా ఎక్కువవుతాయి. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున గుత్తిగా లేచే నీటి పొక్కులు వేరు. అది వైరస్ వల్ల వచ్చేది. అవి మానేదాకా చంటిపిల్లల్ని ముద్దాడకండి.

గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవారికి మాత్రం ఈ పూతమందులతో కాలక్షేపం పనికిరాదు. నోటి మూల లోపలివైపు తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ ఉన్నా, ఒక పక్కనే పుండు గట్టిగా తగులుతున్నా, మూడు వారాలైనా మానకున్నా పళ్ల డాక్టరుకు గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరుకు గానీ చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. అలాంటి పుండుకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు.