యాక్సిడెంటయినంక ఆర్నెళ్లు: రాజీ కాయితం మీద సంతకం పెట్టే ముందు

హైదరాబాద్ కెళ్లి విజయవాడ పోయే 65వ నంబర్ హైవే మన నకిరేకల్‌ను ఆనుకోనే పోతది. ఎనుకట దీన్ని 9వ నంబర్ రోడ్డు అనెటోళ్లు. చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్, కేతేపల్లి, సూర్యాపేట... గీ తొవ్వ పొంటి ఉన్న ఊర్లోళ్లకు హైవే అంటే ఉత్త బస్సెక్కే జాగ కాదు. నిమ్మకాయల బస్తా బండికి కట్టుకోని మార్కెట్‌కు పోయేది గీ తొవ్వనే. సుతారి పనికి పోయేది గీ తొవ్వనే. కాలేజీకి పోయేది గీ తొవ్వనే. సంక్రాంతికి పట్నమంత ఊర్లకు కదిలేది గూడ గీ తొవ్వనే.

యాక్సిడెంట్ల సచ్చిపోయినోళ్ల ముచ్చట పేపర్ల వస్తది. బతికి, కాలో సెయ్యో పోగొట్టుకున్నోని ముచ్చట మాత్రం రెండో దినానికే ఆగిపోతది. ఆడికెళ్లే వానికి అసలు కష్టం మొదలయితది. గీ రాత వాని కోసం, వాని పక్కన దవాఖానల కూసున్న తమ్ముని కోసం, దోస్తు కోసం.

దవాఖాన మెట్ల కాడి పంచాయితి

గిట్ల అయితదని మీకు ఎర్కే. పోరగాడు ఇంక ఆపరేషన్ గదిల్నే ఉంటడు. కింద మెట్ల కాడ లారీ ఓనర్ తరఫు మనిషి, ఊరి పెద్దమనిషి కలిసి నాయినను పక్కకు పిలుస్తరు. "కేసు గీసు ఎందుకే, కోర్టు సుట్టు తిరుగుడు మీతోని అయితదా? దవాఖాన ఖర్సు మేం పెట్టుకుంటం, మీదికెళ్లి ఇంకో యాభై ఏలు తీస్కో" అంటరు. ఇంకో మాట గూడ అంటరు: "డ్రైవర్ గూడ గరీబోడే, పిల్లలున్నోడు, వాని ఉసురు ఎందుకు?" నాయినకు జాలి కలుగుతది. తెల్ల కాయితం మీద సంతకం పెడ్తడు.

గీడ తెలుసుకోవాల్సింది ఒక్కటే. నష్టపరిహారం డ్రైవర్ జేబుల కెళ్లి రాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ బండి ఇంకొకరిని గుద్దితే పైసలు కట్టేందుకే ఆ ఇన్సూరెన్స్. ఓనర్ ఏటేటా ప్రీమియం కట్టేది గందుకే. మనం జాలిపడి కేసు ఇడిసిపెడ్తే డ్రైవర్‌కు మిగిలేది తక్కువ, కంపెనీకి మిగిలేది ఎక్కువ. ఠాణల పెట్టే క్రిమినల్ కేసు ఏరు, ట్రిబ్యునల్‌ల ఏసే నష్టపరిహారం కేసు ఏరు. రెండిట్లను కలిపి భయపెడ్తరు, భయపడొద్దు.

బండిని తాగి నడిపిండు, లైసెన్స్ లేదు అని కంపెనీ తప్పించుకోవాలని చూస్తది. లైసెన్స్ ముచ్చట మీద 2004ల స్వరణ్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు తొవ్వ చూపెట్టింది. దెబ్బ తిన్నోనికి ముందు కంపెనీ కట్టాలె, ఓనర్ తప్పు రుజువైతే తర్వాత ఆయన కాడ వసూలు చేసుకోవాలె అని కోర్టులు ఆదేశిస్తయి. అసలు ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం భారం ఓనర్ మీదనే పడ్తది. ఎంపరివాహన్ యాప్‌ల బండి నంబర్ కొట్టి సూడుండ్రి, ఇన్సూరెన్స్ ఏ తారీఖు దాకా ఉన్నదో తెలుస్తది. అందుకే యాక్సిడెంటైన జాగల బండి నంబర్ ఫోటో తీసుడు అన్నిటికన్న ముందు పని.

మొదటి ఏడు దినాలు

ప్రాణం కన్న కాయితం ముఖ్యం కాదు. 108కు గని, 112కు గని, హైవే వాళ్ల 1033కు గని ఫోన్ కొట్టుండ్రి. తీస్కపోయి దవాఖానల ఏసినోణ్ని పోలీసులు సాక్షిగ బలవంతం చేయొద్దని, కేసుల ఇరికియ్యొద్దని చట్టంల 134ఎ సెక్షన్ ఉన్నది. భయపడి ఆగకుండ్రి.

2025 మే కెళ్లి కేంద్ర సర్కారు నగదు లేని వైద్యం స్కీమ్ తెచ్చింది. రోడ్డు యాక్సిడెంట్ల దెబ్బలు తగిలినోనికి స్కీమ్‌ల ఉన్న దవాఖానల ఏడు దినాల దాకా, లచ్చా యాభై ఏల రూపాయల దాకా వైద్యం. దవాఖానల చేర్పించంగనే గీ స్కీమ్ పేరు చెప్పి అడుగుండ్రి.

దాఖలు చేసేటప్పుడు "మెట్ల మీద కెళ్లి పడ్డడు" అని రాపిచ్చుకోకుండ్రి. కొందరు కేసు ఎందుకని గట్ల రాపిస్తరు. ఆ ఒక్క లైనే రేపు కేసును మింగుతది. యాక్సిడెంటే అని చెప్తే దవాఖానోళ్లు మెడికో లీగల్ కేసు రాస్తరు, ఠాణకు కబురు పోతది. దాని మీదికెళ్లే ఎఫ్ఐఆర్ అయితది. ఫిర్యాదు ఇచ్చినోనికి ఎఫ్ఐఆర్ కాపీ ఉత్తగనే ఇయ్యాలె.

2022 ఏప్రిల్ 1 కెళ్లి వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం పోలీసుల మీద గూడ తారీఖులు ఉన్నయి. 48 గంటలల్ల మొదటి రిపోర్ట్ ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి పోవాలె. పది దినాలల్ల బాధితుని హక్కులు రాసిన ఫారం వానికి ఇయ్యాలె. 50 దినాలల్ల మధ్యంతర రిపోర్ట్, 90 దినాలల్ల పూర్తి రిపోర్ట్ పెట్టాలె. ఎస్ఐ సాబ్ కాడికి పోయి "సార్, మా హక్కుల ఫారం ఇయ్యుండ్రి" అని అడుగుడు తప్పు కాదు, అది మన హక్కు.

ఆర్నెళ్ల లెక్క

గిది మస్తు మందికి ఎర్క లేదు. నష్టపరిహారం కేసును యాక్సిడెంటైన తారీఖు కెళ్లి ఆర్నెళ్లల్ల ఏయాలె. 2019ల చట్టాన్ని సవరించినప్పుడు 166వ సెక్షన్ల గీ గడువు పెట్టిండ్రు, 2022 ఏప్రిల్ 1 కెళ్లి అమలుల ఉన్నది. గీ గడువు సక్రమమా కాదా అనే వ్యాజ్యం సుప్రీంకోర్టుకు పోయింది. అది తేలేదాక గడువు దాటిందన్న ఒక్క కారణంతోని పిటిషన్లు కొట్టెయ్యొద్దని 2025 నవంబర్ల కోర్టు మధ్యంతరంగ చెప్పింది. గని మధ్యంతరం అంటే మధ్యంతరమే. దాని మీద భరోసా పెట్టుకోని కూసోకుండ్రి.

కాలు ఇరిగినోనికి ఆర్నెళ్లు ఎంతల పోతయి? రాడ్ ఏసుడు, కట్టు, మల్ల ఆపరేషన్, ఫిజియోథెరపీ... లేసి నిలవడేటాళ్లకే గడువు దగ్గర పడ్తది. అందుకే నయమైనంక సూద్దాం అనుకోకుండ్రి. కేసు ఏసినంక గూడ కొత్త బిల్లులు, సర్టిఫికెట్లు కోర్టుల పెట్టొచ్చు.

ఇంకో అల్క ముచ్చట. లారీ తమిళనాడుదైనా, మహారాష్ట్రదైనా మనం ఆడిదాక పోవుడు లేదు. యాక్సిడెంటైన జాగల గని, మనం ఉండే జాగల గని కేసు ఏయొచ్చు. నకిరేకల్ ఏరియా ఉండేది నల్లగొండ జిల్లాల, మన ట్రిబ్యునల్ జిల్లా కోర్టు కిందనే ఉంటది.

పైసలు గాయానికి కాదు, పోయిన పనికి

పరిహారం అంటే దవాఖాన బిల్లు అనుకుంటరు శానమంది. బిల్లు ఒక పద్దు మాత్రమే. మంచంల ఉన్నన్ని నెలల కూలి, ముందుముందు పోయే సంపాదన, ముందుముందు అయ్యే వైద్యం, నొప్పి, తిరుగుడు ఆడుడు పోయిన బాధ, గివన్ని ఏరేరు పద్దులు. 2010ల రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు గీ లెక్కను ఇడమర్సి చెప్పింది. డాక్టర్ రాసిన వైకల్యం శాతం ఒకటి, దానితోని మనిషి పోగొట్టుకున్న సంపాదన శాతం ఇంకొకటి. ఎడమ సెయ్యి పోయిన గుమాస్త నౌకరి చేసుకోవచ్చు. అదే సెయ్యి పోయిన డ్రైవర్, వడ్లాయన ఏం చేస్తడు?

లెక్క ఏసి సూద్దాం. ఊహ కోసమే. 27 ఏండ్ల సుతారి, నెలకు 15,000 సంపాదన. సొంతంగ పని చేసుకునే, 40 ఏండ్ల లోపు మనిషికి ముందుముందు పెరిగే ఆమ్దాని కింద 40 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేఠీ తీర్పు. అంటే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. 26 కెళ్లి 30 ఏండ్ల వాళ్లకు గుణకం 17 అని 2009 సరళా వర్మ తీర్పు. అంటే 42,84,000. సంపాదించే తాకత్ 40 శాతం పోయిందని రుజువైతే 17,13,600. 20 శాతమే అని తేలితే 8,56,800. గీ సగానికి సగం తేడా ఒక్క డాక్టర్ సాక్ష్యం మీద ఆధారపడ్తది. మెట్ల కాడి యాభై ఏలను దీని పక్కన పెట్టి సూడుండ్రి.

అందుకే సర్టిఫికెట్ ఒక్కటే సాలదు. వైద్యం చేసిన డాక్టరో, పరీక్ష చేసిన డాక్టరో కోర్టుకు వచ్చి "గీ మనిషి గోడ మీద నిలవడి ఇటుక పేర్సలేడు" అని చెప్పాలె. వాళ్లను పిలిపిచ్చే పని వకీలుది. అడిగి మరీ చేపియ్యుండ్రి.

"మాకు జీతం కాయితం ఏడిది?" అంటరా? 2014ల సయ్యద్ సాదిక్ కేసు కర్ణాటకది. కూరగాయలు అమ్ముకునే పిలగాడు కాలు పోగొట్టుకుండు. రోజు బతుకు బతికెటోణ్ని ఆదాయం కాయితాలు తెమ్మనుడు కుదరదని సుప్రీంకోర్టు చెప్పి, నెలకు 6,500 కట్టింది, సంపాదన 85 శాతం పోయినట్టు లెక్క ఏసింది. అయినా ఉన్నయి దాసిపెట్టుకోండ్రి: ఫోన్ పేల వచ్చిన కూలి, మార్కెట్ల ఇచ్చిన చిట్టీలు, జాబ్ కార్డు, మేస్త్రి మాట.

మన తప్పు గూడ ఉంటే?

ముగ్గురం ఎక్కినం, నాకు లైసెన్స్ లేదు, ఇగ కేసు నడవదు అనుకోకుండ్రి. ముగ్గురు ఎక్కుడు నేరమే. గని దాని వల్లనే యాక్సిడెంటయిందని రుజువు కాకపోతే పరిహారం కోయొద్దని 2020ల మహమ్మద్ సిద్ధిక్ కేసుల తీర్పు వచ్చింది. లైసెన్స్ లేకపోవుడు ఒక్కటే నిర్లక్ష్యం కాదని 2008ల సుధీర్ కుమార్ రాణా కేసుల చెప్పింది. రాంగ్ రూట్ల పోయి ఎదురుంగ గుద్దుకుంటే మాత్రం మన తప్పు పాలు కోసి మిగిలింది ఇస్తరు. యూటర్న్ దూరమని అడ్డం పడే అలవాటు ప్రాణానికే కాదు, పరిహారానికి గూడ ఎసరు.

మన బండి మనమే జారి పడ్తే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రాదు. దోస్తు బండి అడుక్కోని పోయి పడ్డా గంతే, నువ్వు ఓనర్ జాగల నిలవడ్డట్టు లెక్క. ఓనర్ నడిపేటప్పుడు వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా ఏరే ఉంటది, పాలసీ కాయితం తిప్పి సూడుండ్రి.

గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే సర్కారు స్కీమ్ ఉన్నది. పెద్ద దెబ్బలకు 50,000, పాణం పోతే 2 లచ్చలు. దరఖాస్తు రెవెన్యూ ఆఫీసుల.

ఇంకో జాగ్రత్త. ఎవరి తప్పని సూడకుండ పెద్ద దెబ్బలకు రెండున్నర లచ్చలు, పాణం పోతే ఐదు లచ్చలు ఇచ్చే 164వ సెక్షన్ ఉన్నది. జల్ది వస్తది, మంచిదే. గని కంపెనీతోని ఆ పైసలకు ఒప్పుకుంటే 166 కింది పెద్ద కేసు రద్దయిపోతది. కాలు పోయినోడు రెండున్నర లచ్చలకు సంతకం పెట్టే ముందు పైన ఏసిన లెక్క ఒక్కపారి యాది చేసుకోవాలె.

వకీలు ఎవరు?

దవాఖాన వార్డులనే విజిటింగ్ కార్డు ఇచ్చి "పైస అడ్వాన్స్ వద్దు, వచ్చినంక ముప్పై శాతం" అనెటోణ్ని నమ్మకుండ్రి. వచ్చే సొమ్ముల వాటా మాట్లాడుకునుడు బార్ కౌన్సిల్ రూల్స్‌కు ఇరుద్ధం. ఖాళీ వకాలత్ మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు పెట్టకుండ్రి.

ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆమ్దాని ఎంతున్నా సర్కారు ఖర్సుతోని వకీలును ఇస్తరు. గరీబోళ్లకు గూడ ఇస్తరు. నల్లగొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కాడికి పోండ్రి, లేకపోతే 15100కు ఫోన్ కొట్టుండ్రి. లోక్ అదాలత్‌ల రాజీ పడుడు గూడ తప్పు కాదు, జల్ది తేలుతది. గని అది జడ్జి ముంగట, లెక్క తెలిసినంక పడే రాజీ. దవాఖాన మెట్ల కాడ, లోపల పిల్లగాడు కండ్లు తెరవకముందు పడే రాజీ రాజీ కాదు.

ఊర్ల సదువుకున్న తమ్ముండ్లు, సెల్లెండ్లు గీ పని మీద ఏసుకోవాలె. ఒక ఫైలు కొనుండ్రి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ కాయితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆటో కిరాయి చిట్టీలు అన్ని దాంట్ల పెట్టుండ్రి. ఫైలు మీద యాక్సిడెంటైన తారీఖు పెద్దగ రాయుండ్రి, దాని కింద ఆర్నెళ్ల తారీఖు రాయుండ్రి. పడ్డోడు లేసి నడిసే నాటికి వాని కేసు కోర్టుల ఉండాలె.