ఒక్క బ్యారెల్, రెండు సిలిండర్లు... గురి దేనిది?

మా అక్క కొడుకు టెక్సస్‌ల ఉంటడు. పోయిన ఎండకాలం వాని పక్కింటి ముసలాయన ఇల్లు అమ్ముకుంట, సామాన్లన్ని వాకిట్ల పెట్టి అగ్గువకు అమ్మిండట. అండ్ల వీనికి ఒక పాత రివాల్వర్ దొరికింది. రూగర్ కంపెనీ సింగిల్ సిక్స్. దాంతోని ఒక బట్ట సంచి, సంచిల ఇంకో సిలిండర్. వారం తిరగకముందే ఫోన్ చేసిండు. "మామా, ఒక సిలిండర్ ఏస్తే మంచిగ కొడ్తుంది, ఇంకోటి ఏస్తే చెల్లాచెదురు పోతుంది. ఈడ అందరు మ్యాగ్నమ్‌దే గురి అంటున్నరు. నిజమేనా?"

నాకు తుపాకుల మీద మోజు లేదు. ఇరవై ఏండ్ల సంది సభలు, ధర్నాలు అని తిరిగే మనిషిని. తుపాకీ ముందల నిలవడ్డోళ్ల తోనే నా తిరుగుడంత. కానీ అంతకు ముందు బాలానగర్ల ఓ షాపుల పదకొండేండ్లు లేతు మీద నిలవడ్డ. ఇనుమును కొలుసుడు ఎట్లనో ఎరుక. మేనల్లుడు అడిగింది తుపాకీ ముచ్చట కాదు, కొలత ముచ్చట. అందుకే పట్టుకున్న. వాడు అడిగిందాని కన్న అడగనిది పెద్దదని తర్వాత తెలిసింది.

ముందుగాల వస్తువు సంగతి. రూగర్ వాళ్లు సింగిల్ సిక్స్‌ను 1953ల తెచ్చిండ్రు. చూడనీకి కౌబాయ్ సినిమాలల్ల తుపాకీ లెక్క ఉంటది, కానీ కొట్టేది చిన్న .22 తూటా. ఆ తూటా పేరు లాంగ్ రైఫిల్, 1887 సంది ఉన్నది. 1959ల వించెస్టర్ కంపెనీ .22 మ్యాగ్నమ్ అని ఇంకోటి తీసింది. అది పొడుగు, లావు, జోరు. పేరుకు రెండూ .22లే, కానీ తూటా డొల్లలు వేరు. లాంగ్ రైఫిల్ డొల్ల లావు 226 థౌలు, మ్యాగ్నమ్‌ది 240 థౌల పైన. థౌ అంటే అంగుళంల వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు మూడు థౌలు ఉంటది.

గుండు మాత్రం రెండిట్లకు దాదాపు ఒక్కటే. లాంగ్ రైఫిల్‌ది 223, మ్యాగ్నమ్‌ది 224. ఒక్క థౌ తేడా. అంటే వెంట్రుకల మూడో వంతు. ఈ తేడాను చూసే 1960ల మొదట్ల కంపెనీ వాళ్లు ఒక ఉపాయం చేసిండ్రు. బ్యారెల్ ఒక్కటే ఉంచి, సిలిండర్లు రెండు ఇద్దామని. నడిమిట్ల ఉన్న ఇరుసు పిన్ను గుంజితే సిలిండర్ పక్కకు ఊడి వస్తది, రెండోది పెట్టుకోవచ్చు. కోల్ట్ వాళ్లు గూడ అసొంటివే అమ్మిండ్రు. రైతుకు ఒక్క నాగలికి రెండు కర్రులున్నట్టు.

ఇగ గొడవంత ఈ ఒక్క థౌ మీదనే. బ్యారెల్‌ను లావు గుండుకు సరిపోయేటట్టు కోస్తరు, అంటే 224 దిక్కు. లాంగ్ రైఫిల్ గుండు అండ్ల జర వదులు. వదులు ఉన్నది బ్యారెల్ గాట్లను గట్టిగ పట్టదు, పట్టకపోతే తిన్నగ తిరగదు, తిరగకపోతే గురి తప్పుతది. ఇది వాళ్ల వాదన. వినడానికి సక్కగనే ఉంటది, తప్పు గూడ కాదు. పోటీలకు చేసే లాంగ్ రైఫిల్ తుపాకుల బ్యారెల్ బిగుతుగనే ఉంటది. కానీ ఆ గుండు మెత్తని సీసం. వెనుకకెల్లి మందు తన్నంగనే అడుగు ఉబ్బి గాట్లను పట్టుకుంటది. ఒక్క థౌను అది చాలా మటుకు సర్దుకుంటది. లేతు మీద గూడ గంతే, పిత్తడి బుష్ వదులుంటే తీసిపారేస్తం, సీసం అయితే ఒత్తితే సర్దుకుంటది. అందుకే నాకు ఆ ఒక్క థౌ మీద అంత అనుమానం కలగలే.

"ఎన్ని కొట్టి చూసినవురా?" అని అడిగిన. "ఒక్కో దాంతోని మూడు, మామా." అన్నడు.

మూడు! గోలీలాటల మూడు సార్లు తగిలితే మొనగాడు అంటమా? లెక్క చెప్తున్న వినుండ్రి. అదే తుపాకీ, అదే చెయ్యి, అదే తూటా అయినా సరే, పది గుండ్లు కొడితే వచ్చే గుంపు మూడు గుండ్ల గుంపు కన్న సగటున ఒకటిన్నర రెట్ల పైనే పెద్దగ ఉంటది. కొట్టినకొద్ది దూరం పోయే గుండు ఏదో ఒకటి వస్తనే ఉంటది కదా. అందుకే ఒకాయన మూడు గుండ్ల కాయితం ఫొటో పెట్టి, ఇంకొకాయన ఆరు గుండ్లది పెట్టి, నాది మంచిది నాది మంచిదని కొట్లాడితే అది పోలికనే కాదు. మేం తీసే సర్వేలను "నలుగురిని అడిగి రాసిండ్రు" అని ఎక్కిరిస్తరు. న్యాయమే. ఈ లెక్క అక్కడ గూడ వర్తిస్తది.

ఇంకో సంగతి. చెల్లాచెదురు అంటే ఏంది? గుండ్లు ఒక్కకాడ పడక నాలుగు దిక్కుల పోయినయా, లేకపోతే ఒక్కకాడనే పడ్డయి గాని నడిమిట్ల పడలేదా? రెండిట్లకు నక్కకు నాగలోకానికి ఉన్నంత తేడా. గుల్లేరుతోని మామిడికాయను కొట్టినప్పుడు ఐదు రాళ్లు అదే కొమ్మకు తగిలినయంటే నీ చెయ్యి మంచిది, చూపు సవరించుకోవాలె, గంతే. రివాల్వర్ల నెమ్మదిగ పోయే గుండు బ్యారెల్ల ఎక్కువ సేపు ఉంటది. ఆ లోపల దెబ్బకు మూతి పైకి లేస్తది. అందుకే దగ్గరి దూరంల నిదానపు గుండు పైకి, జోరు గుండు కిందికి తగులుతది. సిలిండర్ మార్చంగనే తగిలే చోటు మారుడు సహజం. మొదట వచ్చిన సింగిల్ సిక్స్‌ల చూపుకొన తిప్పనీకి రాదు. ఒక తూటాకు చూపు కుదిరితే ఇంకోదానికి కుదరదు. జనం దాన్నే "ఈ సిలిండర్ల గురి లేదు" అంటరు.

అసలు ముచ్చట ఇప్పుడు చెప్త. రివాల్వర్ల తూటా ఉండేది బ్యారెల్ల కాదు, సిలిండర్ల. గుండు సిలిండర్ గదిలకెల్లి బయటికొచ్చి, చిన్న సందు దాటి, బ్యారెల్ మూతిల దుంకాలె. గది, బ్యారెల్ ఒక్క గీత మీద లేకపోతే గుండు అంచు గీరుకపోతది, వంకరతోనే బయలెల్తది. ఒక్కో సిలిండర్‌కు ఆరు గదులు. రెండు సిలిండర్లంటే పన్నెండు. అంటే మా వాని చేతుల ఉన్నది ఒక తుపాకీ కాదు, ఒక్క బ్యారెల్‌ను పంచుకున్న పన్నెండు తుపాకులు. ఉమ్మడి బాయి కాడ పన్నెండు మోటార్లు పెట్టినట్టు. అండ్ల ఒక్కటి వంకరున్నా గుంపంత పాడైతది, పేరు మాత్రం మొత్తం సిలిండర్‌కు వస్తది. ఆరు గదులల్ల ఐదు సక్కగున్నయని ఎవ్వలు చూస్తరు?

పైంగ పాతవాటిల ఇంకో కిరికిరి. సిలిండర్‌ను కంపెనీల ఆ తుపాకీకే కుదిరిచ్చి పంపుతరు. చాలా వాటిల అదనపు సిలిండర్ మొఖం మీద తుపాకీ నంబర్‌ల ఆఖరి మూడు అంకెలు గీకి ఉంటయి. అరవై ఏండ్లల్ల చేతులు మారి, ఒకదాని సిలిండర్ ఇంకోదాని సంచిలకు పోతది. అది పడుతది, తిరుగుతది గూడ. కుదరదు. మేనల్లుణ్ని సందు చూడుమన్న, సిలిండర్‌ను ముందుకు ఎనుకకు కదిపి చూడుమన్న, గుర్రం గుంజినప్పుడు ప్రతి గది ఠక్కున ఆగుతున్నదా లేదా చూడుమన్న. అన్ని బాగనే ఉన్నయన్నడు.

ఇగ కొలిచే పద్ధతి చెప్పిన. చెయ్యి ఊగకుండ బియ్యం సంచి మీద ఆనించు. దూరం ఇరవై ఐదు గజాలు, మారనీయకు. గదులకు చాక్‌పీస్‌తోని ఒకటి నుంచి ఆరు నంబర్లు వెయ్యి. ఒక్కో గదితోని వేర్వేరు కాయితం మీద ఐదు గుండ్లు. సిలిండర్ మార్చినప్పుడు బ్యారెల్ తుడువు, మొదటి పది గుండ్లు లెక్కల పట్టకు. ఎందుకంటే లాంగ్ రైఫిల్ గుండుకు మైనం పూత, మ్యాగ్నమ్ గుండుకు మామూలుగ రాగి తొడుగు. ఒకదాని మురికి బ్యారెల్ల ఉండంగ ఇంకోటి కొడితే కొన్ని గుండ్ల దాక దారికి రాదు. ఆఖరిది, ఒక్క డబ్బ తూటాలతోని తీర్పు చెప్పకు. కనీసం మూడు రకాలు తే.

రెండు ఆదివారాలు పట్టింది వానికి. కాయితాలన్ని ఫొటోలు తీసి పంపిండు. లాంగ్ రైఫిల్ సిలిండర్ల నాలుగో నంబర్ గది ఒక్కటే ఎడమకు విసురుతున్నది. మిగిలిన ఐదు మంచిగున్నయి. మొదట వాడిన తూటాలు అగ్గువకు గంపగుత్తగ అమ్మే డబ్బలయి. ఇంకో రకం పెట్టంగనే గుంపు దగ్గరికొచ్చింది, మ్యాగ్నమ్ గుంపు పక్కన పెడితే ఏది ఏదో గుర్తువట్టరాలే. ఆ ఒక్క థౌ చేసిన నష్టం ఆ కాయితాల మీద నాకైతే కనవడలే. ఇది ఒక్క తుపాకీ ముచ్చటనే, అన్నిట్లకు ఇదే రాసిపెట్టి ఉందని అనను.

తూటాల రకం ఇంత తేడా తెస్తదా అంటే, తెస్తది. మన హైదరాబాద్ బిడ్డ ఈషా సింగ్ ఇరవై ఐదు మీటర్ల పిస్టల్ పోటీల కొట్టేది లాంగ్ రైఫిలే. ఆ పోటీల మొదటి భాగంల పది మార్కుల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఆ పోటీల కోసమే తరాల సంది ఈ చిన్న తూటాను ఏరి, తూచి, మేలు రకంగ చేస్తున్నరు. మ్యాగ్నమ్‌కు అసొంటి పోటీ లేదు, వేటగాళ్లు కొంటరు, గంతే. ధర గూడ ఎక్కువ. పొట్టి బ్యారెల్ల దాని మందు పూర్తిగ కాలకముందే గుండు బయటికొస్తది, జోరు తగ్గి చప్పుడు, మంట మిగులుతయి. మ్యాగ్నమ్ అన్న పేరుకే జనం సగం గురిని ఇచ్చేస్తున్నరని నా అనుమానం.

ఇదంత అయినంక వానికి ఊకనే ఒక మాట అడిగిన. "నింపి పెడ్తవా ఇంట్ల?"

"ఆరు నింపే పెడ్త మామా, తాళమేసిన డబ్బల." వానికి ఆరేండ్ల బిడ్డ ఉన్నది.

నాకు గుండె గుభేల్మన్నది. తుపాకీ కుడి పక్కకు ఫొటో తీసి పంపుమన్న. ఫ్రేమ్ మీద మూడు స్క్రూలు కనవడ్డయి. మూడు స్క్రూలున్నదంటే 1973కు ముందటిది. వాటిల గుర్రం కిందికి దించి పెడితే, దాని బరువు నేరుగ సూది మీద ఉంటది, సూది ముందల తూటా ఉంటది. చెయ్యి జారి గుర్రం మీద పడ్డదంటే పేలుతది. అమెరికాల గట్ల దెబ్బలు తగిలి కోర్టులకు పోయినోళ్లున్నరు. 1973ల కంపెనీ వాళ్లు కొత్త నమూనా తెచ్చిండ్రు, అండ్ల గుర్రానికి సూదికి నడుమ ఒక పట్టి ఉంటది. ట్రిగ్గర్ గుంజితేనే అది పైకొస్తది, అప్పుడే దెబ్బ సూదికి చేరుతది. కొత్త దాంట్ల మూడు స్క్రూల జాగల రెండు పిన్నులు ఉంటయి. పాతది ఉన్నోళ్లు ఐదే నింపి, గుర్రం కింద గది ఖాళీగ పెట్టాలె. రెండు సిలిండర్లకు ఇదే లెక్క.

ఇంకోటి గూడ అప్పుడే చెప్పిన. మ్యాగ్నమ్ తూటా లాంగ్ రైఫిల్ గదిల పట్టదు, భయం లేదు. కానీ లాంగ్ రైఫిల్ తూటా మ్యాగ్నమ్ గదిలకు జారిపోతది. గది లావు ఎక్కువ కాబట్టి డొల్ల ఉబ్బి పగులుతది, ఉడుకు గాలి ఎనుకకు తంతది. సిలిండర్ మార్చినప్పుడల్లా డబ్బ మీద పేరు చదివి నింపుమన్న.

పాత సింగిల్ సిక్స్‌లకు ఆ పట్టిని కంపెనీనే పైసలు తీసుకోకుండ ఏసి ఇస్తది. మా వాడు ముందు ఒప్పలే. "పాత భాగాలు పోతే ధర పోతది మామా, సేకరించేటోళ్లు కొనరు" అన్నడు. తీసిన భాగాలను గూడ తుపాకీతోని పాటు వాపస్ పంపుతరు, సంచిల దాచుకో అన్న. రెండు రోజులు సప్పుడు లేదు. మూడో రోజు మా కోడలు ఫోన్ చేసింది. "అంకుల్, డబ్బ కట్టిండు, రేపు కంపెనీకి పంపుతడట" అన్నది. నాలుగో నంబర్ గది సంగతి గూడ చూడుమని ఒక చిట్టి రాసి పెట్టిండట.