ఖరగ్‌పూర్: రైలు దిగి చూడవలసిన చరిత్ర, ప్రకృతి

ఖరగ్‌పూర్: హౌరాకు రైలులో వెళ్లిన తెలుగువారిలో ఖరగ్‌పూర్ జంక్షన్‌ను చూడనివారు అరుదు. అక్కడ దిగి ఊరు చూసినవారు మాత్రం అంతకన్నా అరుదు. హౌరా ఇంక 115 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నదనగా వచ్చే ఈ స్టేషన్‌లో చాలామంది ఒక కప్పు టీ తాగి మళ్లీ పెట్టె ఎక్కుతారు. అయితే పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు చెందిన ఈ రైల్వే పట్టణమూ, దాని చుట్టూ ఉన్న ఎర్రమట్టి నేలలూ ఒకటి రెండు రోజులు ఆగి చూడదగినవి. స్వాతంత్ర్యోద్యమ చెరసాల, గజపతుల కాలపు రాతి ప్రాకారం, బౌద్ధ విహారం, ఇటుక గుడుల గ్రామం, సాల వనాలు ఇవన్నీ ఇక్కడి నుంచి ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి.

వీటిలో చాలావాటికి ఒక పోలిక ఉన్నది. అవి నేటికీ నిలిచి ఉండడంలో ప్రభుత్వ ఉత్తర్వులకు ఎంత పాత్ర ఉన్నదో, స్థానికుల పట్టుదలకూ అంతే పాత్ర ఉన్నది.

రైలు కట్టిన ఊరు

19వ శతాబ్దం చివరి వరకు ఖరగ్‌పూర్ అడవి అంచున ఉన్న చిన్న పల్లె. ఇందా ప్రాంతంలోని ఖడ్గేశ్వరుని ఆలయం వల్లనే ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. లాక్షాగృహం నుంచి తప్పించుకున్న పాండవులు ఈ అడవిలోకే వచ్చారని, భీముడు హిడింబను ఇక్కడే కలుసుకున్నాడని మరొక ఐతిహ్యం. హిడింబేశ్వరి పేరిట ఇక్కడ గుడి కూడా ఉన్నది.

పల్లెను పట్టణంగా మార్చినది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఈ సంస్థ కలకత్తాను ఒకవైపు నాగ్‌పూర్‌తోను, మరొకవైపు మద్రాసు తీరంతోను కలిపే మార్గాలను నిర్మించింది. ఆ రెండు దారులూ చీలే చోటుగా ఖరగ్‌పూర్‌ను ఎంచుకున్నారు. 1899లో కటక్ దిశగా, 1900లో రూపనారాయణ్ నదిపై వంతెన పూర్తికావడంతో హౌరా దిశగా రైళ్లు నడవసాగాయి. ఇక్కడ స్థాపించిన వర్క్‌షాపు భారతీయ రైల్వేలోని అతి పెద్ద కర్మాగారాలలో ఒకటిగా ఎదిగింది. దాని చుట్టూ ఉద్యోగుల క్వార్టర్లు, బజార్లు, పాఠశాలలు, క్రీడా మైదానాలు వెలిశాయి. గోల్‌బజార్, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, ట్రాఫిక్ అనే పేట పేర్లలో ఆ చరిత్ర నేటికీ వినిపిస్తుంది.

ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోనే అతి పొడవైనదిగా చాలాకాలం పాఠ్యపుస్తకాలలో, పోటీ పరీక్షలలో దీని పేరే ఉండేది. 2013లో 1,366 మీటర్ల గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం దానిని దాటింది. 2023లో 1,507 మీటర్లతో కర్ణాటకలోని హుబ్బళ్లి మొదటి స్థానంలో నిలిచింది. క్రికెట్ క్రీడాకారుడు మహేంద్ర సింగ్ ధోని 2001 నుంచి 2003 వరకు టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసినది ఈ స్టేషన్‌లోనే.

తెలుగు వినిపించే వీధులు

ఖరగ్‌పూర్‌ను ‘మినీ ఇండియా’ అని పిలవడం పరిపాటి. ఆ చిన్న భారతంలో తెలుగువారిది పెద్ద వాటా. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కూలీలుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. దీనికి కారణం రైలు మార్గంలోనే ఉన్నది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీర మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దానితో ఉత్తరాంధ్ర యువకునికి ఖరగ్‌పూర్ పరాయి రాష్ట్రపు ఊరు అన్న భావన తగ్గి, తమ రైల్వేలోని పెద్ద వర్క్‌షాపుగా కనిపించింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఈ బంధం తెగలేదు. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడే వరకు వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో ఉండేవి.

కార్మికోద్యమ చరిత్రలోనూ ఈ ఊరికి స్థానం ఉన్నది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు జరిపిన సమ్మెలు దేశం దృష్టిని ఆకర్షించాయి. ఆ కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన ప్రముఖులలో బరంపురానికి చెందిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

నాలుగైదు తరాలు గడిచినా ఇక్కడి తెలుగు ఇళ్లలో ఉత్తరాంధ్ర యాస, బెంగాలీ, హిందీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. బడిలో తెలుగు చదువుకునే అవకాశం, ఉద్యోగాలలో గుర్తింపు కోసం ఇక్కడివారు చాలాకాలం విజ్ఞప్తులు చేస్తూ వచ్చారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయానికి ప్రధాన కారణాలలో ఖరగ్‌పూర్‌లోని తెలుగు జనాభా ఒకటి. హోదా వచ్చినంత మాత్రాన భాష నిలవదు. పిల్లలు దానిని చదివి, రాసి, మాట్లాడినప్పుడే అది ముందు తరానికి అందుతుంది.

చెరసాల విద్యాలయమైన చోటు

పట్టణానికి ఆనుకొని ఉన్న హిజ్లీలో 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పింది. మామూలు జైళ్లు నిండిపోవడంతో రాజకీయ ఖైదీలను ఇక్కడకు తరలించేవారు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా హిజ్లీకి వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ దురంతాన్ని ఖండించారు.

స్వాతంత్ర్యానంతరం దేశంలో మొట్టమొదటి ఐఐటీకి చోటు వెతికినప్పుడు ఈ శిబిర భవనమే ఎంపికైంది. 1951 ఆగస్టు 18న అప్పటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను ప్రారంభించారు. రసాయన శాస్త్రవేత్త జ్ఞాన్ చంద్ర ఘోష్ తొలి డైరెక్టర్. 1956లో జరిగిన తొలి స్నాతకోత్సవంలో ప్రసంగించిన ప్రధాని నెహ్రూ, నిర్బంధ శిబిరం ఉన్న చోటనే ఈ సంస్థ నిలవడం దేశంలో వస్తున్న మార్పునకు గుర్తు అన్న భావం వ్యక్తం చేశారు. ఎత్తయిన గోపురం గల ఆ పాత భవనాన్ని నేడు షహీద్ భవన్ అని పిలుస్తారు. 1990 నుంచి అక్కడ నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల నడుస్తున్నది.

ఇటుక గుడుల పాథ్రా

మేదినీపూర్ పట్టణం దాటి కంసావతి నది ఒడ్డున కొంతదూరం వెళితే పాథ్రా గ్రామం వస్తుంది. ఇక్కడ ముప్పైకి పైగా ఇటుక ఆలయాలు ఉన్నాయి. 18వ శతాబ్దంలో నవాబుల కొలువులో ఎదిగిన ఒక జమీందారీ వంశం వీటి నిర్మాణాన్ని ఆరంభించింది. బెంగాలీ పూరింటి కప్పును పోలిన వంపు కప్పులు, నవరత్న శిఖరాలు, గోడలపై కాల్చిన మట్టి ఫలకాలు వీటి ప్రత్యేకత. బెంగాల్ డెల్టాలో రాయి కొరత. అందుకే శిల్పి ఉలికి బదులు మట్టిని, ఆవాన్ని నమ్ముకున్నాడు.

ఆ వంశంవారు ఊరు విడిచిన తరువాత గుడులను పట్టించుకున్నవారు లేరు. ఒకవైపు నది ఒడ్డును కోస్తుండగా, మరొకవైపు ఇటుకలు, ఫలకాలు ఇళ్లకు, బజార్లకు తరలిపోయాయి. ఆ స్థితిలో పొరుగు గ్రామానికి చెందిన యాసిన్ పఠాన్ అనే చిరుద్యోగి వాటి రక్షణకు నడుము కట్టారు. ముస్లిం అయిన ఆయన హిందూ గుడుల కోసం తిరగడాన్ని మొదట ఇరువైపులా అనుమానించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. గ్రామస్థులను కూడగట్టి సంరక్షణ సంఘం ఏర్పాటు చేశారు, అధికారుల చుట్టూ తిరిగారు. 1994లో ఆయనకు కబీర్ పురస్కారం లభించింది. 2003లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 28 ఆలయాలను తన రక్షణలోకి తీసుకున్నది. మన ఊళ్లలో శిథిలమవుతున్న గుడులను, మసీదులను, కోట గోడలను చూసి నిట్టూర్చేవారికి పాథ్రా చూపే దారి ఇది.

గజపతుల ప్రాకారం, భిక్షువుల విహారం

ఖరగ్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కేశియాడి సమీపాన గగనేశ్వర్ గ్రామంలో కురుంబేరా కట్టడం ఉన్నది. లాటరైట్ అనే ఎర్రని గుల్లరాయితో కట్టిన ఎత్తైన ప్రాకారం, దాని లోపలి వైపు నాలుగు దిక్కులా స్తంభాల వసారా చూపరులను నిలబెడతాయి. దీనిని కోట అంటారు గాని, నిజానికి ఆలయ ప్రాంగణం లక్షణాలే ఎక్కువ. ఇక్కడి ఒరియా శాసనాన్ని బట్టి 15వ శతాబ్దపు కపిలేంద్ర గజపతి కాలానికి చెందినదని చెబుతారు. ఆ కపిలేంద్రుడే రాజమహేంద్రవరం, కొండవీడు సీమలను జయించి తెలుగు చరిత్రలో స్థానం పొందినవాడు. ఔరంగజేబు కాలంలో ప్రాంగణంలో మూడు గుమ్మటాల కట్టడం వచ్చింది. ఒకే ఆవరణలో రెండు యుగాలు పక్కపక్కన కనిపిస్తాయి.

మరింత దక్షిణాన, ఒడిశా సరిహద్దుకు చేరువలో దాంతన్ ఉన్నది. 1575లో అక్బర్ సేనలకు, బెంగాల్ సుల్తాన్ దావూద్ ఖాన్ కరానీకి తుకరోయి యుద్ధం జరిగినది ఈ పరిసరాల్లోనే. అక్కడికి దగ్గరలోని మొఘల్‌మారి గ్రామంలో ఒక పెద్ద దిబ్బ ఉండేది. సఖిసేన అనే రాకుమారి చదువుకున్న పాఠశాల అది అని ఊరివారు కథగా చెప్పుకునేవారు. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అశోక్ దత్తా నాయకత్వంలో తవ్వకాలు మొదలయ్యాయి. దిబ్బ కింద బయటపడినది నిజంగానే చదువుల నెలవు. ఇటుకలతో కట్టిన గదులు, సున్నపు గచ్చుతో మలచిన గోడ బొమ్మలు, విహారం పేరు గల మట్టి ముద్రికలు లభించాయి. క్రీస్తు శకం 6వ శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారని తేలింది. శాలిహుండం, తొట్లకొండ చూసిన తెలుగువారికి ఇది పరిచితమైన లోకమే. తూర్పు తీరపు ఓడరేవుల వెంట విస్తరించిన బౌద్ధ పరంపరలో ఇదొక మజిలీ. ప్రాచీన రేవు తామ్రలిప్తి, అంటే నేటి తామ్లూక్, ఈ సీమలోనిదే.

పాడే బొమ్మలు

బాలీచక్ స్టేషన్‌లో దిగి పింగ్లా వైపు వెళితే నాయా గ్రామం వస్తుంది. ఇక్కడి చిత్రకారుల ఇంటిపేరే ‘చిత్రకర్’. పొడవైన కాగితపు చుట్టపై కథను బొమ్మలుగా గీసి, ఒక్కొక్క గడినే విప్పుతూ పాట పాడుతారు. మతపరంగా వీరు ముస్లింలు. గీసే కథల్లో రామాయణం, మనసాదేవి గాథ, సంతాల్ గిరిజనుల పురాణాలు ఉంటాయి. ఆకులు, పసుపు, మసి వంటి వాటి నుంచి రంగులు తీసి, జిగురు కలిపి వాడతారు. తెలంగాణలోని చేర్యాల నకాశీ పటాలకు ఇది దగ్గరి చుట్టం. బెంగాల్ పటచిత్రానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మోడు చిగురించిన అడవి

మేదినీపూర్ నుంచి చంద్రకోణ రోడ్ వైపు సాగితే ఆరాబారి సాల వనం మొదలవుతుంది. మన గుగ్గిలం చెట్టే సాలవృక్షం. 1970 నాటికి వంటచెరకు కోసం, అమ్మకం కోసం నరికివేతతో ఈ అడవి మోడులుగా మిగిలింది. 1971-72లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 1,272 హెక్టార్లలో ఒక ప్రయోగం ప్రారంభించారు. 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలకు అడవి కాపలా అప్పగించి, ప్రతిగా ఉపాధి, ఎండుకట్టెలు, ఆకులు సేకరించుకునే వీలు, పెరిగిన కలప ఆదాయంలో 25 శాతం వాటా ఇస్తామన్నారు. సాలవృక్షపు మోడును పశువులకు, గొడ్డలికి అందకుండా కాపాడితే చాలు, వేరు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. అదే జరిగింది. కొన్నేళ్లలో అడవి లేచి నిలబడింది.

ఉమ్మడి అటవీ యాజమాన్యం అనే విధానానికి దేశంలో ఆరాబారియే ఆదర్శమైంది. 1990లో కేంద్రం అన్ని రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన వన సంరక్షణ సమితుల మూలం కూడా ఇక్కడే ఉన్నది.

ఇంకా ఉత్తరాన గడ్‌బేతా వద్ద శిలావతి నది ఒడ్డున గంగాని ఉన్నది. వాన నీరు, నది కోత కలిసి ఎర్ర లాటరైట్ నేలను గుహలుగా, బురుజులుగా, లోయలుగా చెక్కాయి. సాయంత్రపు ఎండలో ఈ గట్లు కెంపు, పసుపు వన్నెలు దాలుస్తాయి. భీముడు బకాసురుని సంహరించినది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఈ మట్టి మెత్తనిది. అంచులపై నడక, గోడలపై పేర్ల చెక్కుడు కోతను వేగిరం చేస్తాయి. సందర్శకులు మెట్ల దారిని వీడకపోవడం తమకూ, నేలకూ క్షేమం.

ఎప్పుడు, ఎలా?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. వేసవిలో ఎండ తీవ్రత ఎక్కువ. విజయవాడ, విశాఖపట్నం నుంచి హౌరా వెళ్లే పలు రైళ్లు ఖరగ్‌పూర్‌లో ఆగుతాయి. హౌరా నుంచి లోకల్ రైళ్లు ఉన్నాయి. గంగానికి గడ్‌బేతా, నాయాకు బాలీచక్, మొఘల్‌మారికి దాంతన్ లేదా నెకుర్‌సేని స్టేషన్లు దగ్గర. పాథ్రా, ఆరాబారిలకు మేదినీపూర్ నుంచి రోడ్డు మార్గం మేలు. పంట కాలంలో ఝార్ఖండ్‌లోని దల్మా కొండల నుంచి ఏనుగుల మందలు ఈ అడవుల్లోకి వస్తాయి. చీకటి పడిన తరువాత అటవీ మార్గాలలో ప్రయాణం తగదు. ఐఐటీ ఆవరణలోని ప్రదర్శనశాలకు వెళ్లేముందు ప్రవేశ వేళలు తెలుసుకోవడం మంచిది.

ఇన్ని విశేషాలున్నా ఖరగ్‌పూర్ యాత్రికుల పట్టికల్లో అంతగా కనిపించదు. జంక్షన్‌కు ఉన్న పేరే ఊరిని కప్పివేసింది. ఒక చిరుద్యోగి పట్టుదలతో గుడులు, పల్లెవాసుల కాపలాతో అడవి ఇక్కడ మిగిలాయి. వలస కార్మికుల ఇళ్లలో మన భాష మిగిలింది. ఈసారి హౌరా వెళ్లే రైలు ఇక్కడ ఆగినప్పుడు, టీ కోసం దిగిన తెలుగు ప్రయాణికుడు సామానుతో సహా దిగితే మోసపోడు. దారి అడగడానికి వేరే భాష వెతుక్కోవలసిన అవసరం కూడా ఉండకపోవచ్చు.